వేల్పు ఒంటిమీదికి వచ్చిననాడు

ఇటు జరుగు బిడ్డా, పొగంత నీ దిక్కే వస్తున్నది. ఆ మొద్దు ఇంకా పచ్చిగున్నది, మంట అందుకునేదాక గిట్లనే సతాయిస్తది. తమ్మున్ని గుడ పిలువు, వాడు గుడ ఇనాలె.

పొద్దుగాల అడిగినవు గద, "తాతా, వడ్డె ఊగుడు, దేవుడు ఒంటిమీదికి వచ్చుడు, ఇవన్నీ నిజమేనా, ఉత్తదేనా" అని. హన్మకొండల నర్సు చదువు చదివే పిల్లవు, అడగాలె. నేను ఆశ్రమ పాఠశాలల సైన్సు పాఠం చెప్పినోన్నే. మా నాయినేమో ఊరి తలపతి, కొలుపు జరిగిన ప్రతిసారి వేల్పుకు పూజ చేసే వడ్డె పక్కన నిలబడ్డ మనిషి. రెండూ నా ఇంట్లయే. అందుకే నిజమా, ఉత్తదా అనే కాడ నేను ఆగను. వేల్పు వచ్చిపోయినంక ఆ మనిషి ఎట్ల బతికిండు, ఆ ఊరు ఎట్ల మారింది, నేను చూసేది గది.

ముందుగాల మన ఊరి పాత వడ్డె ముచ్చట. పేరు చెప్ప, ఆయన పిల్లలు ఈడనే ఉన్నరు. వడ్డెరికం వంశంల నడుస్తది, గని ఆ వంశంల పుట్టిన ప్రతోనికి వేల్పు రాదు. ఈయన వయసుల ఉన్నప్పుడు ఏటూరునాగారం సంతకు పోయిండంటె రెండు మూడు దినాలకు గని ఇల్లు చేరకపోతుండె. తాగుడు, ఇంటికొచ్చి పెండ్లాన్ని కొట్టుడు. అసొంటోనికి ఒక ఏడు కొత్తల పండుగనాడు, డోలు దెబ్బ ఎత్తుకోంగనే ఒళ్లు వణికింది. పెద్దలు ఎంటనే దండం పెట్టలే. ఇది మంచిగ యాది పెట్టుకో. ఎవరు నువ్వు, ఏ గట్టు వేల్పువు, ఎందుకొచ్చినవు అని నిలేసి అడిగిండ్రు. మన కోయోళ్లల మూడో గట్టు కాడికెల్లి ఏడో గట్టు దాక వంశాలున్నయి గద, ఎవ్వరి వేల్పు వాళ్లకున్నది. నోటికొచ్చిన పేరు చెప్తే నడువది.

తాగి ఊగుతున్నడా, నిజంగనే వచ్చిందా అని ఒక్కనాడు తేలదు. మళ్ల పండుగకు చూస్తరు, ఆ వచ్చే పండుగకు చూస్తరు. ఈ నడుమ ఆయన బతుకును ఊరంత కండ్లల్ల వత్తులేసుకోని చూస్తది. ఆ చూపే ఆయన్ను మార్చింది అంట నేను. పండుగ దగ్గర పడితే ఒక్కపొద్దు ఉండాలె, నేల మీద పండాలె, ఇంట్ల గొంతు లేపొద్దు. కొన్ని పండుగలు గడిచినంక పండుగ లేనినాడు గుడ గొంతు లేపుడు బందయింది. వేల్పు కూసునే ఒళ్లు గద, దీన్ని నేను ఆగం చేస్తనా అని ఆయనకే సిగ్గు పుట్టింది. ఆయన భార్య మా అమ్మతోని అన్నమాట ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది: "వేల్పు ఆయనకు శక్తి ఇచ్చిందో లేదో నాకు తెల్వదు వదినా. నాకైతే నిద్ర ఇచ్చింది."

బయటోళ్లు వడ్డె అంటె ఏదో మాయలు, మంత్రాలు తెల్సినోడు అనుకుంటరు. మా నాయిన పక్కన నిలబడి నేను చూసిందల్ల బాధ్యతనే. విత్తనాల పండుగ చెయ్యనిది ఒక్క గింజ నేలల పడొద్దు. నాలుగెడ్లున్న ఆసామి అయితేంది, కైకిలి చేసుకునేటోడు అయితేంది, అందరు ఆగాలె. ఇప్పపూలకు పండుగ, కొత్త వడ్లకు పండుగ. వడ్డె వేల్పుకు పెట్టకముందు ఎవ్వరు నోట్లె పెట్టుకోవద్దు. అడివిల పచ్చి కాయ తెంపకుంట, ఉన్నోడు లేనోని కంటె ముందు ఉరుకకుంట కాపాడింది ఆ కట్టుబాటే. ఇయ్యాల సర్కారు బోర్డు పెట్టి చెప్పినా ఇనరు గద.

ఇంకొకటి చెప్త, ఇది ఆడోళ్ల ముచ్చట. గోదావరి అవతలికెల్లి మన ఊరికి ఒక కోడలు వచ్చింది. తలకాయ ఎత్తి మాట్లాడంగ ఎవ్వరు చూడలే. ఆ ఏడు జాతరకు బండ్లు కట్టుకోని పోయినం, చిన్నబోయినపల్లి మీదికెల్లి, కొండాయి, ఊరట్టం దాటి మేడారం. జంపన్న వాగుల తానం చేస్తుండంగ ఆ పిల్లకు శిగమొచ్చింది. అంత మందిల పోయి మామ అంగి పట్టుకున్నది. "నా బిడ్డల చెలక ఏ సారా దుకాణంల కుదువ పెట్టినవ్ రా" అని అడిగింది. ఆ వాగుల నిలబడి ఊరంత ఇన్నరు. ఆ మామ పెద్ద మనిషి, నలుగురిల పేరున్నోడు. వంగి కాళ్లు మొక్కి "తప్పయింది తల్లీ" అన్నడు.

ఒక్కసారి సోంచాయించు. అదే మాట ఇంటి అరుగు మీద కోడలుగ అని ఉంటె, తెల్లారి పుట్టింటికి తోలుదురు. తల్లి వచ్చి అడిగింది గాబట్టి ఇనక తప్పలే. ఊరికి వచ్చినంక పెద్దలు కూసున్నరు, చెలక ఇడిపిచ్చిండ్రు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దని 1959లనే చట్టం ఉండె, దాన్ని గట్టిచేసిన 1970ల ఒకటో నంబరు చట్టం ఉండె. కాయితం మీద ఉన్న ఆ చట్టానికి మన ఊళ్లె మొట్టమొదలు నోరు వచ్చింది ఆ పిల్ల నోట్లెకెల్లే. నీ పుస్తకాలు దానికి ఏం పేరు పెడ్తయో పెట్టని. తల్లి వచ్చిందంటవో, ఏండ్ల సంది గొంతుల అడ్డం పడ్డ బాధ బయటికొచ్చిందంటవో, నాకు రెండు ఒప్పుదలే. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ల ఎప్పటిలెక్క తల వంచుకోనే తిరిగింది. గని మామ ఆమెను పిలిచే తీరు మారింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద లేచింది 1992ల. ఇది దానికి శానా ముందటి ముచ్చట. వేల్పుకు ఇప్పసారా సాక పోసుడు వేరు బిడ్డా, కంట్రాక్టరు దుకాణం పెట్టి మన చెలకలు తాగుడు వేరు. ఆ రెండిట్ల తేడా ఆ పిల్లకు తెల్సు.

కట్టెలు లోపలికి నూకురా, మంట తగ్గుతున్నది.

మేడారం సంగతి మీకు తెల్సిందే, అయినా ఒక్క తీరు చూడాలె. కరువుల కప్పం కట్టమంటె కాకతీయ ప్రతాపరుద్రుని దండుతోని కొట్లాడిండ్రు సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గోవిందరాజు, నాగులమ్మ. సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగుల పడి ప్రాణం ఇడిసిండు, అది జంపన్న వాగయింది. దెబ్బలతోని సమ్మక్క చిలకలగుట్ట దిక్కు పోయి మాయమయింది, ఆడ పుట్ట కాడ కుంకుమ భరిణె దొరికింది. ఈ కథ రాతిల చెక్కింది గాదు, మన డోలి వాళ్ల నోట్లె బతికింది. పడిగె గుడ్డ విప్పి, డోలు కొట్టుకుంట రాత్రంత చెప్తరు. మణుగూరు దిక్కు కూనవరం సకిని రామచంద్రయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చింది గిందుకే. 2024ల ఆయన పోయిండు. డోలు లేకపోతె వేల్పు రాదు. సైబీరియా మంచుల గుడ మన వడ్డెల అసొంటోళ్లు ఉన్నరు, వాళ్లు గుడ డోలు దెబ్బతోనే దేవతలను పిలుస్తరు. 1930ల ప్రాంతంల సోవియట్ సర్కారు ఆ డోళ్లనే గుంజుకున్నది. ఏది గుంజుకుంటె ఆ మనుషుల నడుం ఇరుగుతదో వాళ్లకు ఎరుకే.

మాఘ పున్నం ముంగట, బుధారం నాడు కన్నెపల్లికెల్లి కాక వంశపోళ్లు సారలమ్మను మొంటె బుట్టల పట్టుకోని వస్తరు. పిల్లలు గానోళ్లు, రోగమున్నోళ్లు తడి బట్టలతోని తొవ్వల బోర్ల పండుకుంటే, వడ్డెలు వాళ్ల మీదికెల్లి దాటుకుంట పోతరు. పూనుగొండ్లకెల్లి పెనకోళ్లు పగిడిద్దరాజును, మన కొండాయికెల్లి దబ్బగట్లోళ్లు గోవిందరాజును తెస్తరు. బేస్తారం సమ్మక్క. మేడారం వడ్డెలు చిలకలగుట్టకు పోతరు. ఆడ ఏం చేస్తరో చూసే హక్కు ఇంకెవ్వరికి లేదు, నేను గుడ చెప్ప. దిగేటప్పుడు ఆ వడ్డె తన సోయిల ఉండడు, నడుసుడు గాదు, ఉరుకుడే. సుట్టు మనుషులు పట్టుకోవాలె, పోలీసులు తాళ్లు కట్టాలె. అప్పుడు జిల్లా ఎస్పీ తుపాకి పైకి ఎత్తి గాలిలకు పేలుస్తడు.

నేను ఆడికి పోయినప్పుడల్ల ఆ తుపాకి సప్పుడుకు కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. కప్పం కట్టలేదని మన తల్లుల మీదికి దండు పంపింది రాజ్యం. అదే రాజ్యం ఇయ్యాల ఒక కోయ వడ్డె ముంగట నిలబడి తుపాకిని ఆకాశానికి తిప్పుతున్నది. బ్రాహ్మలు లేరు, గోపురం లేదు, ఇగ్రహం లేదు. ఉన్నదల్ల గద్దె, ఎదురు బొంగు, కుంకుమ, మనం బంగారం అనే బెల్లం. కోటి మంది ఆ గద్దెకే మొక్కుతున్నరు, ఏ కులమోడైనా మన వడ్డె చేతి బొట్టుకే తల వంచాలె. 1996ల దాన్ని రాష్ట్ర పండుగ చేసిండ్రు. 2023 డిసెంబరుల ములుగు యూనివర్సిటీకి సమ్మక్క సారక్క పేరు పెట్టి చట్టం చేసిండ్రు. నా చిన్నప్పుడు ఏటూరునాగారంల మా నాయినను షావుకారు అరుగు ఎక్కనియ్యకపోతుండె. ఆ షావుకారు మనుమలు ఇప్పుడు నిలువెత్తు బంగారం జోకి ఎత్తుకోని వస్తున్నరు. గుంపు పెరిగినకొద్ది లౌడు స్పీకర్లు, ప్లాస్టిక్కు, తొక్కులాట పెరిగినయి, అడివి నలుగుతున్నది, అది నాకు గోసనే. అయినా ఆ అరుగు నాకు యాదికుంటది.

ఈ తొవ్వల మోసపోయినోళ్లు లేరా అంటె, ఉన్నరు. 1900ల విశాఖపట్నం ఏజెన్సీల, పాచిపెంట దిక్కు, కొర్ర మల్లయ్య అనే కొండదొర వేల్పు వచ్చిందన్నడు. పాండవులల్ల ఒకన్ని నేనే, ఎదురు బొంగులు తుపాకులయితయి, ఇంగ్లీషోళ్ల ఆయుధాలు నీళ్లయితయి అన్నడు. వేలమంది నమ్మి కూడిండ్రు. బొంగులు బొంగుల్లెక్కనే ఉన్నయి, మనుషులు పోయిండ్రు. దానికి పదేండ్ల ముందు అమెరికాల గుడ ఇట్లనే అయింది. నెవాడా దిక్కు వొవోకా అనే ఆదివాసికి కల వచ్చింది, అందరు గుండ్రంగ తిరుగుకుంట ఆడితే పోయిన పెద్దలు తిరిగొస్తరన్నడు. కొట్లాడుమని ఆయన చెప్పలే. గని అక్కడి లకోటా ఆదివాసులు ఆ ఆటకు కుట్టుకున్న అంగి తొడిగితే తూటా తాకదని నమ్మిండ్రు. 1890 డిసెంబరు 29నాడు ఊండెడ్ నీ కాడ సైన్యం ఆడోళ్లను, పసిపిల్లలను గుడ కలిపి 250 మందికి పైగ సంపింది.

అల్లూరి సీతారామరాజును గుడ జనం మహిమలున్నోడనే నమ్మిండ్రు, తూటాలు తాకవనుకున్నరు. గని ఆయన ముందుగాల చెప్పింది సారా మానుండ్రి, తగాదాలు కోర్టుకు పోకుంట మీ పంచాయితిలనే తెంపుకోండ్రి అని. 1922ల చింతపల్లి ఠాణా మీద పడేనాటికి ఆ కొండలల్ల మనుషులు ఇంట్ల, ఊళ్లె మారుడు మొదలుపెట్టిండ్రు. 1924 మే 7నాడు ఆయన్ను కాల్చి సంపినా ఆ మార్పు సావలే. నేను దేనికి దండం పెడ్తనో, దేనికి పెట్టనో ఈ రెండు ముచ్చట్లల్లనే ఉన్నది.

దండం పెట్టనిది ఇంకొకటున్నది. పక్క ఊరికెల్లి ఒకడు వచ్చి, పిల్లలకు జరాలొస్తున్నయి, ఫలాన ముండమోసినామె మంత్రాలు చేస్తున్నది అన్నడు. ఊగుకుంటనే అన్నడు. జనం కట్టెలు పట్టుకున్నరు. మన పాత వడ్డె, ఆ తాగుబోతు అని చెప్పిన గద, ఆయనే ఆ ముసలామె గుడిసె ముంగట పోయి కూసున్నడు. "వేల్పు మనిషిని అడుగుతది, మనిషిని సంపమనది. నన్ను దాటుకోని పోండ్రి" అన్నడు. ఎవ్వరు దాటలే. తర్వాత తెల్సింది, ఆమె పెరడు మీద ఎవనికో కన్నున్నది. ఒంటరి ఆడదాని దిక్కు ఏలు చూపెట్టే ఊగుడు ఎక్కడ కనబడ్డా, ఆ ఏలు చూపినోనికి లాభమేందో ముందుగాల అడుగు బిడ్డా.

కొండాయి సంగతి మీ ఈడు పిల్లలు గుడ చూసిండ్రు. 2023 జులైల జంపన్న వాగు పొంగి ఎనిమిది మందిని కొండపోయింది. ఏ వాగుల మునిగి మనం తల్లికి మొక్కుతమో ఆ వాగే. మళ్ల ఫిబ్రవరిల జాతర వచ్చింది. ఆ ఇండ్ల గోడల బురద మరకలు పోకముందే గోవిందరాజు కొండాయికెల్లి లేచిండు, పీనుగలు లేచిన ఊరి మనుషులే ముందల నడిచిండ్రు. సర్కారు ఇచ్చిన సాయం ఎంతో కొంత వచ్చింది, అవసరమే. గని దుఃఖంల కూలబడ్డ ఊరిని లేపి నిలబెట్టి నడిపిచ్చింది ఆ డోలే.

ఇగ నీ ముచ్చట. నువ్వు రేపు నర్సువయి తాడ్వాయికో, పస్రకో, మన ఏటూరునాగారంకో వస్తవు. జరమొచ్చినోని ఇంటికి నువ్వు పోయేసరికి వడ్డె ముందుగాలనే వచ్చి మంచం పక్కన కూసోని ఉంటడు. ఆయన్ను లేవుమనకు. రక్తం తియ్యి, సూది ఎయ్యి, గోలీలు చేతిల పెట్టు. మలేరియాల ఒక తీరు జరానికి పద్నాలుగు దినాలు గోలీలు మింగాలె గద, మనోళ్లు మూడు దినాలకు జరం తగ్గంగనే చూర్ల చెక్కుతరు. ఆ గోలీలు వడ్డె చేతికియ్యి. పొద్దుకొకటి ఆయనే ఇచ్చేటట్టు, అయిపోయేదాక కల్లు, సారా ముట్టొద్దని ఆయనే చెప్పేటట్టు మాట్లాడుకో. మన పాత వడ్డె మన ఊళ్లె అట్లనే చేసిండు, మూడు దినాలకు మానెటోళ్లు గుడ పద్నాలుగు దినాలు మింగిండ్రు.