కంచె చేను మేసిన నాడు



కంచెయే చేను మేసినచో ఎవరితో చెప్పుకొనవలెనని మనవారు తఱచుగ నందురు. 170 ఏండ్లకు పూర్వము బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల రైతునకు అది సామెత మాత్రమే కాదు. ఎదుట నిలిచిన ప్రశ్న. రక్షింపవలసిన యధికారియే కొట్టినపుడు, కొట్టెనను మాట నిజమని తేల్చుట యెట్లు? తేల్చువా రెవరు? ఈ ప్రశ్నకు చెన్నపట్టణపు దొరతనమువారు అచ్చుపుటలలో సమాధానము చెప్పవలసి వచ్చినది 1855లో. మూడు పదుల యేండ్లకు పైగా పిల్లలకు చరిత్ర చెప్పినవాడను. రాజుల యుద్ధములకంటె ఆ నివేదికయే నన్ను ఎక్కువగ ఆకర్షించినది. ఏలయన అది సామాన్యుల అర్జీలనుండి పుట్టిన చరిత్ర.

మొదట నాటి స్థితిని చెప్పెదను. అప్పటికి కృష్ణాజిల్లా యను పేరు లేదు. బందరు ముఖ్యపట్టణముగ మచిలీపట్టణము జిల్లాయు, కృష్ణకు ఆవల గుంటూరు జిల్లాయు వేఱుగ నుండెను. రెంటిని కలిపినది 1859లో. బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసినది. కావున నేను చెప్పు కాలమున మన పొలములు వానను నమ్ముకొన్నవే. 1832-33 నాటి నందననామ సంవత్సరపు కఱవును కన్నులార చూచినవారు ఊరూరను సజీవులై యుండిరి. చేను ఎండవచ్చును గాని సిస్తు గడువు ఆగదు.

సిస్తు వసూలు చేయువాడు తహశీలుదారు. 1816 నాటి 11వ రెగ్యులేషను ప్రకారము తాలూకాలో పోలీసు పెద్దయు ఆయనయే. పైనున్న కలెక్టరే మేజిస్ట్రేటు. అనగా పన్ను అడుగు చేయియు, నేరస్థుని పట్టు చేయియు ఒక్కటే. బంట్రోతు ఉదయము సిస్తుకొఱకు తలుపు తట్టును. సాయంకాలము దొంగతనము కేసులో అనుమానితుని ఈడ్చుకొని పోవును. దెబ్బకు దయ్యమైనను హడలునను నమ్మకము రెండు పనులకును చాలియుండెను.

ఆ దెబ్బల తీరులు నివేదికలో వివరముగ నున్నవి. రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్ళను, దేహభాగములను నొక్కు సాధనమునకు కిట్టి యని పేరు. తెలుగున దీనిని చీరట యందురని కూడ అందు వ్రాసినారు. మనిషిని ముందుకు వంచి, తల పాదములవైపునకు వచ్చునట్లు త్రాటితో బిగించి యెండలో నిలుపుటకు అరవమున అనుందాళ్ అని పేరు. అన్నమునకు పోనీయకుండుట, కాలకృత్యములకు విడువకుండుట, చెవులు పిండుట, ఇద్దఱి జుట్టులు కలిపి ముడివేయుట, జుట్టును గాడిదతోకకు కట్టుట, పశువులను బందెలదొడ్డి పాలు చేయుట, ఇట్టివి మఱి యనేకములు.

ఇది యెల్లరకు తెలిసిన రహస్యము. దీనిని చెన్నపట్టణము దాటించి లండను వఱకు చేర్చినవారిలో ముఖ్యుడు ఒక తెలుగు వర్తకుడు. గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1806లో జన్మించిరి. 1844లో క్రెసెంటు పత్రికను చేపట్టిరి. 1852లో మదరాసు నేటివ్ అసోసియేషనును స్థాపించిరి. పార్లమెంటు సభ్యుడగు డాన్‌బీ సేమూరు 1853లో ఈ దేశమునకు రాగా, ఆయనను జిల్లాలకు వెంటగొని పోయి బాధితులను స్వయముగ చూపించిరి. 1854 జూలైలో ఈ సంగతి కామన్సు సభలో చర్చకు వచ్చెను. ఆ సెప్టెంబరులోనే చెన్నపట్టణపు దొరతనమువారు విచారణకు కమిషనును నియమించిరి.

సభ్యులు మువ్వురు. ఎడ్వర్డు ఇలియట్టు చెన్నపట్టణమున చీఫ్ మేజిస్ట్రేటు. హడిల్‌స్టన్ స్టోక్సు అంతకు ముందు గుంటూరున కలెక్టరుగ నుండి మన సీమ నెఱిగినవాడు. జాన్ బ్రూస్ నార్టను న్యాయవాది. న్యాయస్థానముల లోపములను నిర్భయముగ విమర్శించినవాడు. రాజధానిలోని జిల్లాలన్నియు వారి విచారణకు లోబడినవే. మన బందరు జిల్లాయు అందు చేరినదే. కొలది నెలలలో 1,959 ఫిర్యాదులు వచ్చినవి. వారిలో 519 మంది చెన్నపట్టణమునకు స్వయముగ వచ్చి చెప్పుకొనిరి. 1,440 మంది వ్రాసి పంపిరి. రైలు లేని ఆ దినములలో దివిసీమనుండి గాని గుడివాడనుండి గాని చెన్నపట్టణము పోవుటయన పలుదినముల ప్రయాణము. ఆ కాలమంతయు చేను, పశువులు, ఇల్లు ఎవరు చూడవలెను?

ఇక నేను ముఖ్యముగ చెప్పదలచిన విషయము. ఆ మువ్వురి యెదుట అర్జీల కుప్ప యున్నది. ఒక్కొక్క వ్యాజ్యమును తీర్చుట వారి పని కాదు. ఇట్టి హింస దేశమున వాడుకగ నున్నదా, లేదా యని తేల్చుటయే వారి పని. అర్జీలన్నియు సత్యములని నమ్ముటకు వీలులేదు. ఊరి కక్షలతో కరణముమీద, మునసబుమీద లేనిపోని అర్జీలు పెట్టుట మన పల్లెలకు క్రొత్త గాదు. అన్నియు అబద్ధములని త్రోసివేయుటకును వీలులేదు. పంచాయతీలో కూర్చుండిన పెద్దలకు ఈ చిక్కు బాగుగ తెలియును.

దీనికి ఉపాయము అర్జీలను ఒక దాని ప్రక్కన నొకటి పెట్టి చదువుట. ఒంటిగ నున్న అర్జీ ఒక మనుష్యుని మాట మాత్రమే. నూఱు అర్జీలను ఊరు, తాలూకా, సంవత్సరము, కొట్టినవాని ఉద్యోగము, కొట్టిన కారణము అను వరుసలలో ఏర్చి కూర్చినపుడు వానిలో నొక రూపు కనబడును. సిస్తుకొఱకు జరిగిన వెన్ని, నేరము ఒప్పించుటకు జరిగిన వెన్ని యని వేఱుపడును. తెలుగు రైతు, అరవ రైతు, కన్నడ రైతు ఒకరి నొకరు ఎఱుగరు. ఒకరి భాష మఱియొకరికి రాదు. అట్టివారు వందల మైళ్ళ దూరమునుండి ఒకే విధమగు కట్టుడును, ఒకే విధమగు కఱ్ఱలను వర్ణించినచో, అందఱు కూడబలుకుకొని కల్పించిరనుట పొసగదు. కొండమీది పొగను చూచి నిప్పు నూహించుట తర్కశాస్త్రమున బాలపాఠము. పలుచోట్ల ఒకే పొగ లేచినపుడు ఆ యూహ నిశ్చయమగును.

రెండవ పరీక్ష యేమన, తమకు ప్రతికూలముగ సాక్ష్యము చెప్పువారిని వెదకుట. పై యధికారులు అంతకు పూర్వమే హింస కూడదని ఆజ్ఞలు పంపియుండిరి. లేని రోగమునకు మందు వ్రాయు వైద్యు డుండడు గదా! నిషేధించిన తాకీదే ఆ దురాచార మున్నదనుటకు సాక్ష్యమాయెను. మూడవది, ప్రయోజనము లేని సాక్షుల మాట. కమిషనువారు జిల్లా యధికారులను, మతబోధకులను, వర్తకులను కూడ అడిగిరి. కొందఱు మేము కన్నామనిరి, కొందఱు వినలేదనిరి. పదిమంది చూడలేదన్నంత మాత్రమున ఒకడు చూచినది లేకపోదు. కాని ఆ యొకడు ఎక్కడ, ఎప్పుడు చూచెనో సరిచూడవలెను. ఇట్లు ప్రోగుచేసి, ఏర్చి, పోల్చి, లోపలి యర్థమును తీయు పనికి నేడు ప్రత్యేకోద్యోగు లున్నారు. ఇంగ్లాండున పోలీసులపై వచ్చు తీవ్రమైన ఆరోపణలను విచారించుటకు 2018లో ఏర్పడిన స్వతంత్ర సంస్థలో ఇట్టి విశ్లేషకులు పనిచేయుదురు. 1855లో ఆ పేరు లేదు. పని మాత్రము అదియే.

కమిషనువారి నిర్ణయము స్పష్టము. సిస్తు వసూలునకును, నేరము ఒప్పించుటకును హింస వాడుకలో నున్నదని చెప్పిరి. హింస యున్నదను దానికంటె బాధితునకు న్యాయము దొరకుట యెంత కష్టమో యను సంగతియే తమ్మెక్కువగ కలతపెట్టెనని వ్రాసిరి. కలెక్టరు కచేరి దూరము, పోవుటకు ఖర్చు. టపాలో అర్జీ పంపినచో అది తహశీలుదారునకే విచారణకు మరలివచ్చునను భయము. అనగా దొంగచేతికే తాళము. ఒకవేళ నేరము ఋజువైనను మేజిస్ట్రేటు వేయగల శిక్ష 50 రూపాయల జరిమానా గాని, ఒక నెల ఖైదు గాని. అంతకు మించిన శిక్షకు పై న్యాయస్థానమునకు పంపవలెను.

అయితే ఆ నివేదిక చూడనొల్లని చోటు గూడ నొకటి కలదు. తప్పంతయు క్రింది దేశీయోద్యోగులదే యనియు, తెల్లదొరలకు ఇందు పాలు లేదనియు కమిషనువారు తేల్చిరి. సిస్తు భారము సంగతి యేమి? అంత సొమ్ము ఈ గడువులోపల రావలెనని పైనుండి ఒత్తిడి చేసిన దెవరు? అవే పుటలను లండనులో చదివిన కార్లు మార్క్సు 1857లో ఒక అమెరికా పత్రికకు వ్రాయుచు, ఈ హింస ఆ పన్నుల విధానములోనే యిమిడి యున్నదని వాదించెను. సాక్ష్యము ఒక్కటే, నిర్ణయములు రెండు. విచారించువాడు తనను నియమించినవానివైపు గూడ చూడగలిగిననే విచారణ పూర్తియగును.

ఈ తత్త్వము మన ప్రాచీనులకు తెలియనిది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ యధికరణమున అధికారులను కనిపెట్టుటకే యొక ప్రకరణము కలదు. చెఱలోనివానికి అన్నపానములు నిరోధించిన అధికారికి 96 పణములును, చంపినవానికి 1000 పణములును దండము విధింపబడెను. నేరము ఒప్పించుటకు చిత్రవధలను విధించినదియు ఆ గ్రంథమే. కావున పూర్వకాలమంతయు ధర్మమయమని మురిసిపోవుటకు వీలులేదు.

నివేదిక వ్యర్థము కాలేదు. 1859లో వచ్చిన 24వ చట్టముచే చెన్నపట్టణపు రాజధానిలో పోలీసుశాఖ తహశీలుదారు చేతినుండి వేఱుపడెను. 1861 నాటి నేరవిచారణ స్మృతిలోను, తరువాత 1872 నాటి సాక్ష్యచట్టము 25వ సెక్షనులోను, పోలీసు అధికారి యెదుట ఒప్పుకొన్న నేరము ముద్దాయిపై సాక్ష్యముగ చెల్లదని శాసించిరి. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టమున 23వ సెక్షనులో అదే సూత్రము నిలిచియున్నది. కొట్టి రాబట్టిన మాటకు విలువ లేనిచో కొట్టుటకు ప్రేరణ తగ్గునని దాని యాంతర్యము.

తగ్గినదే గాని పోలేదు. 1902లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన నియమింపబడిన కమిషను పోలీసులలోని లంచగొండితనమును, ప్రజాపీడనమును మరల ఒప్పుకొనెను. దాని సిఫారసుచే ఏర్పడిన గూఢవిచారణ శాఖ చూపు, పోలీసుల దౌష్ట్యముపై గాక, దేశనాయకుల కదలికలపై నిలిచెను. 1930లో బందరు కోనేరు సెంటరున జెండా పట్టిన తోట నరసయ్యనాయుడుగారిని లాఠీలతో స్పృహ తప్పువఱకు కొట్టిరి. పరప్రభుత్వము గనుక అట్లు చేసినదని అనుకొందమా? స్వరాజ్యము వచ్చిన తరువాత 1949లో ఎలమఱ్ఱు, కాటూరు గ్రామములలో పోలీసులు మగవారిని వివస్త్రులను చేసి గాంధీ విగ్రహము చుట్టు త్రిప్పిన యుదంతమును మన ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. ప్రభుత్వము మాఱినంతనే కంచె స్వభావము మాఱదు.

అందుచేతనే స్వతంత్ర భారతమున పలు కట్టుబాట్లు వచ్చినవి. 1993లో జాతీయ మానవహక్కుల సంఘ మేర్పడెను. 1996లో సుప్రీముకోర్టు డి.కె. బసు కేసులో, పట్టుకొన్న తేదీ, వేళ వ్రాసి సాక్షి సంతకముతో పత్రము తయారు చేయవలెననియు, బంధువులకు తెలుపవలెననియు, 48 గంటల కొకసారి వైద్యపరీక్ష జరిపింపవలెననియు ఆజ్ఞాపించెను. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునను, జిల్లాలలోను ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఉండవలెననెను. 2020లో ఠాణాలన్నింట కెమేరా లుంచవలెననెను. వీనినన్నిటిని ఒక్కచోట పఱచి చూచినపుడే వాని విలువ తెలియును. డైరీలో ఒక వేళ, ఆసుపత్రి చీటీలో ఒక వేళ, కెమేరాలో మఱియొక వేళ కనబడినచో, విచారణ ఆ సందునుండియే మొదలుపెట్టవలెను.

కడపట, ఊళ్ళలో నలుగురికి అర్జీలు వ్రాసిపెట్టు పెద్దలు మీలో ననేకు లున్నారు. మీకొక మనవి. అన్యాయమైపోతిమి, రక్షింపుడు అను వాక్యములు పది వ్రాయుటకంటె, ఏ తేదీన, ఏ వేళకు, ఏ స్థలమున, ఏ ఉద్యోగి, ఎవరి యెదుట ఏమి చేసెనో నాలుగు పంక్తులలో వ్రాయుడు. కన్నదానిని కన్నట్లును, విన్నదానిని విన్నట్లును వేఱుపఱచుడు. గాయ మున్నచో ఆనాడే వైద్యునకు చూపి చీటీ తీసికొనుడు. అర్జీ నకలును, అందినట్లు రసీదును దాచుడు. 1854లో ఆ 1,959 మంది ఒకరి నొకరు ఎఱుగరు. ఒక్కొక్కరు తమకు జరిగినదే చెప్పుకొనిరి. ఆ మాటలన్నియు ఒకచోట చేరి చట్టమును మార్చినవి. మీరు వ్రాసిన అర్జీ కూడ రేపు ఏ విచారణలోనో మఱియొక యూరి అర్జీ ప్రక్కన చేరవచ్చును. చేరిన నాడు అది నిలువవలెను.

ఇంతటితో సెలవు.