పాలకుర్తి కల్లంలో పుట్టిన హక్కు

తెలంగాణలో పాత భూమి తగాదా ఏది విప్పినా ‘పీటీ’ అన్న మాట తగులుతుంది. ప్రొటెక్టెడ్ టెనెంట్, అంటే రక్షిత కౌలుదారు. ఫలానా సర్వే నంబరులో పీటీ ఉన్నాడంటే ఆ భూమి కొనడానికి వచ్చినవాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. పట్టా లేని మనిషికి, కేవలం దున్నినందుకు భూమి మీద ఇంత పట్టు ఎలా దొరికింది? 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ఇచ్చిందని లాయర్లు చెప్తారు. నిజమే. కానీ ఆ చట్టం పురుడు పోసుకున్నది హైదరాబాదు కచేరీల్లో కాదు. అప్పటి నల్లగొండ జిల్లాలోని పాలకుర్తిలో, చిట్యాల ఐలమ్మ అనే రైతు కల్లంలో.

ఆమెను మనం వీరనారి అంటాం, విగ్రహాలు పెడతాం, జయంతులు చేస్తాం. ఆమె రైతు అన్న సంగతి మాత్రం మరుగున పడుతోంది. 1895లో రాయపర్తి దగ్గరి కృష్ణాపురంలో పుట్టింది. పాలకుర్తికి చెందిన నరసింహను పెళ్లాడింది. కులం చాకలి. ఆ రోజుల్లో చాకలి ఇంటికి రాసిపెట్టింది వెట్టి. దొర గడీలో బట్టలు ఉతకాలి, చెప్పిన పనల్లా కూలి లేకుండా చెయ్యాలి. ఆ ఇంటి నుంచి ఒక ఆడమనిషి మల్లంపల్లి మక్తాదారు దగ్గర నలభై ఎకరాలు కౌలుకు పట్టింది. అందులో కొంత సాగులోకి తెచ్చి, కొడుకులతో కలిసి పంట తీసింది. ఆ ఊరికి, ఆ కాలానికి అదే మొదటి తిరుగుబాటు. జెండా పట్టకముందే ఆమె నాగలి పట్టింది.

అప్పటి కౌలు వ్యవహారంలో ఒక మెలిక ఉంది, అది తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు. కౌలు నోటి మాట మీద నడిచేది. ఈ ఏడు ఏ చెలకలో ఎవరు దున్నారో పహాణీలో రాసేది ఊరి పట్వారీ. కలం అతని చేతిది. పాలకుర్తి పట్వారీకేమో ఐలమ్మ కుటుంబం తన పొలంలో వెట్టి చెయ్యాలి. ఆమె చెయ్యనంది. పైగా ఆంధ్ర మహాసభలో చేరింది. ఊళ్లో దానికి సంఘం అని పేరు. ఇక పట్వారీ విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అండన చేరాడు. ఆ దొర కింద నలభై వేల ఎకరాలు ఉండేవని చెప్తారు. నలభై వేల ఎకరాల ఆసామికి ఒక చాకలి ఇంటి కౌలుచెలక కంటగింపు అయింది. అతనికి కావలసింది భూమి కాదు, ఆమె తల వంచడం.

రాతలో లేని కౌలుదారుకు మిగిలే సాక్ష్యం ఒక్కటే, పంట. విత్తిందెవరు, కోసిందెవరు, ధాన్యం ఎవరి ఇంటికి చేరింది? కోత రోజున దొర మనుషులు చేలో దిగి కోసుకుపోతే, ఆ ఏడు సాగు దొరదే అయిపోతుంది. 1945 ప్రాంతంలో సరిగ్గా ఆ పనికే మంది వచ్చారు. సంఘం వాళ్లు ముందే కాచుకుని ఉన్నారు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లా నర్సింహులు లాంటి వాళ్లు. చేతుల్లో తుపాకులు లేవు, గుతప కర్రలే. దొర మంది వెనుదిరిగింది. సంఘం వాళ్లే కోసి, కొట్టి, ధాన్యం మోసుకొచ్చి ఐలమ్మ ఇంట్లో పోశారు.

దొర ఊరుకోలేదు. నాయకులను పట్టించి విసునూరులో చిత్రహింసలు పెట్టించాడు. ఐలమ్మ ఇల్లు తగలబెట్టారు, దోచుకున్నారు, కన్నకూతురిని చెరిచారు. ఆమె కదల్లేదు. న్యాయవాది కొండా లక్ష్మణ్ బాపూజీ న్యాయసాయం చేశారు. కోర్టులో కూడా ఐలమ్మదే గెలుపు.

ఊళ్లకు అర్థమైన సంగతి చిన్నది, కానీ దాని బలం పెద్దది. పది మంది కల్లంలో నిలబడితే దొర రాత చెల్లదు. 1946 జూలై 4న కడవెండిలో గడీ తుపాకులకు సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య బలయ్యాక గుతపలు పోయి బందూకులు వచ్చాయి. 1947 సెప్టెంబరులో కమ్యూనిస్టులు సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టుల లెక్క. నాలుగు వేల మంది చనిపోయారనీ ఆ లెక్కే చెప్తుంది. ఐలమ్మను యుద్ధంలో రాటుదేలిన సిపాయి అనడానికి నేను వెనుకాడను. తన మడి కోసం మొదలుపెట్టి, ఊరి మడులన్నిటి కోసం సాగిన యుద్ధం అది.

నిజాం సర్కారు కౌలుదార్ల కోసం ఆసామీ షిక్మీ చట్టం తెచ్చింది గానీ, అది కాగితం దాటి చేలోకి రాలేదు. హైదరాబాదును ఇండియాలో కలిపిన పోలీసు చర్య తర్వాత వచ్చిన పాలకులకు ఒకటి తెలిసిపోయింది: బందూకు దింపించాలంటే భూమి సంగతి తేల్చాలి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు చేశారు. 1950 జూన్‌లో కౌలు చట్టం చేశారు. నిర్ణీత కాలంలో ఆరేళ్లు వరసగా దున్నినవాడు రక్షిత కౌలుదారు అవుతాడు. ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టరాదు. భూస్వామి అమ్మదలిస్తే ముందు అతన్నే అడగాలి. అన్నిటికీ మించి, పేరు సర్కారు రిజిస్టరులో ఎక్కాలి. పట్వారీ దయ మీద ఆధారపడ్డ సాగు తొలిసారి చట్టం చేతికి వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదానం మొదలవడం కూడా ఈ వేడిలోనే.

చట్టం రాగానే రైతు గట్టెక్కాడని అనలేం. ఆర్థికవేత్త ఎ.ఎం.ఖుస్రో 1950లలో పరిశీలించి చూస్తే, నాలుగేళ్లు తిరిగేసరికి రక్షిత కౌలుదారుల్లో సగం మంది కూడా ఆ హోదాలో మిగల్లేదు. అక్రమంగా గెంటివేతకు గురైనవాళ్లు కొందరు, బెదిరింపులకు లొంగి ‘ఇష్టపూర్వకంగా వదులుకున్నాం’ అని రాసిచ్చినవాళ్లు కొందరు. దున్నేవాణ్నే యజమానిగా మార్చే 38-ఇ సెక్షను తెలంగాణలో చాలా జిల్లాలకు 1973 జనవరి 1న గానీ అమలులోకి రాలేదు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

పేరు పెట్టడం మంచిదే. కానీ ఆమె పోరాడిన ప్రశ్న ఈ రోజూ చేలోనే నిలబడి ఉంది. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు, తెలంగాణలో అది అటకెక్కింది. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే అందింది. భూ రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చాక పహాణీలో సాగుచేసేవారి పేరు రాసే అనుభవదారు కాలమే లేకుండా పోయింది. వరంగల్లు, జనగామ పల్లెల్లో పత్తీ మిర్చీ వేసి, పంట పోతే అప్పు మాత్రమే మిగిలే కౌలు రైతు పేరు మళ్లీ ఏ రిజిస్టరులోనూ లేకుండా పోయింది. ఐలమ్మ విగ్రహానికి దండ వేసే ప్రతి ఎమ్మెల్యేనూ, ప్రతి అధికారినీ మనం అడగవలసింది ఒక్కటే: ఈ ఏడు ఈ చేను దున్నిందెవరో రాయండి. ఆ కాలమ్ తిరిగి పెట్టండి.