మూడు షీట్ల మత్తు

‘త్రీ షీట్స్ టు ద విండ్’ అనగానే దండెం మీద గాలికి ఎగిరే మూడు దుప్పట్లు కళ్ళముందు మెదులుతాయి. అసలు అర్థం వేరు: తప్పతాగి తూలుతున్నాడని. ఇది ఓడ సరంగుల మాట. వాళ్ళకు షీట్ అంటే గుడ్డ కాదు, తెరచాప కింది కొసను బిగించి పట్టే తాడు. ఆ తాళ్ళు మూడు వదులైతే చాపలు టపటపా కొట్టుకుంటాయి. పట్టుతప్పిన ఓడ, కల్లుపాక నుంచి ఇంటిదారి పట్టినవాడిలా అటూ ఇటూ ఊగుతుంది.

మోతాదుకూ లెక్కుంది: ఒక్క షీటైతే కాస్త కైపు, మూడైతే ఒళ్ళు తెలియని మత్తు. స్టీవెన్సన్ 1883 నాటి నవల ‘ట్రెజర్ ఐలాండ్’లో ఒంటికాలి సిల్వర్ అనే పాత్ర నోట వచ్చేది ఒక్క షీటే, పైగా తాను తాగలేదంటాడు. స్నేహితుల దగ్గర ఈ మాట సరదాగా వాడొచ్చు, ఆఫీసు ఉత్తరంలో మాత్రం వద్దు.