కొత్తపట్నం తీరాన దొరువు సేద్యం

కొత్తపట్నం వంటి తీర గ్రామాల ఇసుక నేలల్లో సాగుకు పాత ఆధారం దొరువు అనే లోతు తక్కువ నీటి గుంట. ఇసుకలో ఇంకిన వాన నీరు బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. అందుకే దొరువును లోతుగా తవ్వకుండా, కుండలతో ముంచి మొక్క మొక్కకూ పోసేవారు. అడుగున ఉన్న ఉప్పు మొక్కకు చేరకూడదన్న లోతైన ఎరుక అది. వేరు కణాల్లోని ద్రవం మట్టి నీటికన్నా గాఢంగా ఉంటేనే నీరు లోపలికి వస్తుంది. మట్టి ఉప్పెక్కితే తడి నేలలోనే మొక్క వాడిపోతుంది.

వేరు తాగిన నీటిని పైకి లాగేవి ఆకులు. వాటినుంచి నీరు ఆవిరవడాన్ని స్టీఫెన్ హేల్స్ కొలిచి 1727లో ప్రకటించాడు. నీటిని మోసే కణజాలమైన దారువులో నీటి స్తంభం తెగకుండా సాగే తీరును 1894లో డిక్సన్, జోలీ వివరించారు.

దొరువు నీటిని ఇంజన్లతో ఒక్కసారిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు ఎగదన్నుతుంది. అందుకే బాపట్ల శాస్త్రవేత్తలు భూమిలో గొట్టాలు పరిచి, పైపొర నీటినే బావిలోకి చేర్చే మెరుగైన దొరువును రూపొందించారు.