హైదరాబాద్ మెట్రో రైలు: ఎత్తైన మార్గంలోని స్టేషన్ల నిర్మాణం, సదుపాయాలు

హైదరాబాద్ మెట్రో రైలు తొలిదశలోని మూడు కారిడార్లు, సుమారు 69 కిలోమీటర్ల పొడవున, పూర్తిగా స్తంభాలపై నిర్మితమైనవి. వీటిలో భూగర్భ స్టేషను ఒక్కటియు లేదు. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ మియాపూర్‌లో ఈ వ్యవస్థను ప్రారంభించగా, మరునాటి నుండి మియాపూర్–అమీర్‌పేట–నాగోల్ మధ్య 30 కిలోమీటర్ల మేర ప్రయాణికుల సేవలు మొదలైనవి.

ఇరుకైన, రద్దీ రహదారులపై స్టేషన్లు కట్టుట ఈ ప్రాజెక్టులో ప్రధాన సమస్య. రోడ్డుకు ఇరువైపులా స్తంభాలు నిలిపినచో వాహనాలకు దారి తగ్గును, దుకాణాలు తొలగించవలసి వచ్చును. ఈ కారణంగా సాధారణ స్టేషన్లకు 'స్పైన్ అండ్ వింగ్' పద్ధతి అనుసరించబడినది. రోడ్డు మధ్యనున్న డివైడరుపై ఒకే వరుస స్తంభాలు, వాటిపై వెన్నెముక వంటి దూలము, దాని నుండి ఇరుప్రక్కలకు రెక్కల వలె చాచిన భాగాలు స్టేషను భారమును మోయును. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డులలో ముందుగా పోతపోసిన కాంక్రీటు భాగాలను తెచ్చి అమర్చుట వలన రహదారిపై చేయవలసిన పని తగ్గినది.

స్టేషనులో మూడు అంచెలు గలవు. క్రింద రహదారి, కాలిబాట, వాటిపై కాన్‌కోర్స్, అన్నింటికంటే పైన ప్లాట్‌ఫారములు. కాలిబాట నుండి మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టుల ద్వారా కాన్‌కోర్స్‌కు చేరవచ్చును. టికెట్టు కౌంటర్లు, స్వయంచాలిత గేట్లు ఇక్కడనే యుండును. గేట్లకు ఇవతలి భాగములోనికి టికెట్టు అవసరము లేదు. పాదచారులు రోడ్డు దాటుటకు దీనిని వంతెన వలె వాడుకొనవచ్చును. ఇది స్టేషన్ల వలన నగరానికి కలిగిన, అంతగా ప్రచారము పొందని మేలు.

పై అంచెలో సాధారణంగా రెండు పట్టాలు మధ్యన, ప్లాట్‌ఫారములు ఇరుప్రక్కల ఉండును. నేడు నడుచుచున్నవి మూడు కోచ్‌ల రైళ్లే అయినను, ఆరు కోచ్‌ల రైలు నిలుచుటకు వీలుగా ప్లాట్‌ఫారముల పొడవు నిర్ణయించబడినది. విద్యుత్తు 25 కిలోవోల్టుల ఓవర్‌హెడ్ తీగల ద్వారా అందును. ప్లాట్‌ఫారము అంచున తెరతలుపులు లేనందున పసుపు గీత వెనుక నిలుచుట తప్పనిసరి. అంధుల కొరకు నేలపై స్పర్శతో గుర్తించదగిన పలకలు పరచబడినవి.

రహదారిపైకి చాచిన స్టేషను నీడ జనాలకు ఆశ్రయముగా మారుట సహజము. 2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట స్టేషను క్రింద వర్షానికి తలదాచుకున్న ఒక మహిళపై పెచ్చు ఊడిపడగా ఆమె మరణించినది. కావున ఇట్టి స్టేషన్లలో రైలు మార్గముతో సమానముగా అడుగుభాగపు తనిఖీ కూడ ముఖ్యమైనది.

మొదటి, మూడవ కారిడార్లు అమీర్‌పేటలో. రెండవ, మూడవ కారిడార్లు పరేడ్ గ్రౌండ్‌లో. మొదటి, రెండవ కారిడార్లు మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వద్ద కలియును. ఈ మూడు చోట్ల ప్రయాణికులు గేట్ల వెలుపలికి రాకుండగనే రైలు మారవచ్చును.