వంతు వచ్చేదాకా

ఆ సరుగుడు మొద్దు కాస్త లోపలికి తొయ్యి అబ్బయ్యా. పచ్చిదైనా మండుతుందిలే, భయపడొద్దు. శ్రీహరికోట కట్టెంటే అట్టాంటిది. నా చిన్నప్పుడు ఈ కట్టెలే పడవలకెక్కి బకింగ్‌హాం కాలవ వెంబడి మద్రాసు పోయేవి. ఇక్కడి అడివి చల్లబడితే అక్కడి పొయ్యిలు వెలిగేవి. అంతకుముందు మాట చెప్పమంటే, 1835లో దొరల ప్రభుత్వం ఈ దీవిని చేతిలోకి తీసుకుంది. యానాదులు అడివిలో తిరిగి తేనె, కుంకుళ్ళు, బట్టలకు ఎర్రరంగేసే చిరివేరు తెచ్చిస్తే, బదులుగా బియ్యం కొలిచేవాళ్ళు. చెమట ఒకరిది, లెక్క ఇంకొకరిది. ఆ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

ఎక్కడికో పోయాను. నువ్వడిగింది ధర్మార్థకామమోక్షాలు కదూ? అయ్యవారు రాయించారని నాలుగూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పావు. సరే, వాటిలో ఏది గొప్పది? అట్టా బిక్కమొహం వెయ్యొద్దు. ధర్మరాజంతటివాడే తమ్ముళ్ళను కూర్చోబెట్టుకుని అడగాల్సొచ్చింది.

భారతం శాంతిపర్వంలో ఉందీ ముచ్చట. మన నెల్లూరు తిక్కన తెలుగు చేసిన 15 పర్వాల్లో అదీ ఒకటి. యుద్ధమైపోయింది. అంపశయ్య మీద భీష్ముడు మాట చాలించాడు. అందరూ ఇంటికొచ్చాక ధర్మరాజు అడిగాడు, ధర్మం, అర్థం, కామం, వీటిల్లో ఏది ముందని. విదురుడు ధర్మమన్నాడు, ఆయన ఇంకేమంటాడు! అర్జునుడు మాత్రం, ఇది పని చేసుకు బతికే నేల, సేద్యం, వ్యాపారం, పశువులు, చేతిపనులు ఉంటేనే తక్కినవి నిలబడతాయి, కాబట్టి అర్థమే అన్నాడు. నకుల సహదేవులు ముందు ధర్మం, దాని చెయ్యి పట్టుకుని అర్థం, ఆ తర్వాతే కామం అని వరస కట్టారు. భీముడు లేచాడు. కోరికే లేనివాడు డబ్బెందుకు సంపాదిస్తాడు, ధర్మమెందుకు చేస్తాడు, ఋషులు కందమూలాలు తిని తపస్సు చేసేదీ ఏదో కోరే కదా అన్నాడు. చివరికి ధర్మరాజు వీటన్నిటినీ దాటిన మోక్షం మాటెత్తాడు.

నన్నడిగితే నేను భీముడి పక్క. నవ్వుతావేంది? కామమంటే నువ్వు సినిమాలో చూసిందొక్కటే కాదురా. మా అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, వాకిట్లోకి వచ్చినవాళ్ళకని. శనివారం పసుపుగుడ్డలో అణా ముడుపు కట్టేది, కొండమీద వెంకన్నకని. 1957లో నయాపైసలొచ్చినా ఆమె లెక్క రూపాయికి పదహారణాలే. ఇన్ని పొదుపులు చేసే మనిషి, ఇంట్లో అప్పున్నా సరే, శుక్రవారం కోడళ్ళకు మూరెడు మల్లెపూలు కొనకుండా ఉండేది కాదు. "ఆడపిల్లలు ఉసూరుమంటా తిరిగితే ఇంట్లో దీపం వెలిగినట్టుండదు" అనేది. అది కామమే నాయనా, పెద్దలు లెక్కలోకి తీసుకున్న కామం.

ఇక్కడ రాకెట్ల కేంద్రం పెట్టినవాళ్ళదీ కోరికే. 1979 ఆగస్టు 10న పంపిన ఎస్‌ఎల్‌వీ సముద్రం పాలయింది. అంత కష్టమూ కాసేపట్లో పోతే ఇంకొకరైతే చేతులు దులుపుకుందురు. వీళ్ళు మరుసటేడు జూలై 18న మళ్ళీ పంపి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలబెట్టారు. భీముడు చూసుంటే గద కింద పెట్టి చప్పట్లు కొట్టేవాడు.

కానీ కోరికకూ ఒక వేళుంది. అది నాకు పుస్తకంలో కాదు, ప్రళయకావేరి మీద తెలిసింది. పులికాట్ సరస్సంటారే మీరు, దాన్నే మా పెద్దోళ్ళు ప్రళయకావేరి అనేవాళ్ళు. దక్షిణాన పళవేర్కాడు జాలర్ల కుప్పాల్లో 'పాడు' అని ఒక కట్టుబాటుంది. పాడంటే చెడిపోవడమనుకునేవు! రొయ్యలు బాగా పడే చోట్లు నీళ్ళలో కొన్నే ఉంటాయి కదా, వాటికి చీట్లు వేసి వంతులు కట్టుకుంటారు. ఈసారి మంచి చోటు నీది, తర్వాత ఇంకొకడిది. ఎంత మొనగాడైనా వంతు దాటి వల వెయ్యకూడదు. వాత్స్యాయనుడూ అదే అన్నాడు చూడు: చిన్నతనంలో చదువూ సంపాదనా, వయసులో కామం, ముసలితనంలో ధర్మమోక్షాలు.

వంతు రాకముందే దిగితే ఏమవుతుందో మా మేనమామను చూసి తెలుసుకున్నా. సూళ్ళూరుపేటలో కట్టెల వ్యాపారం ఆయనది. నలభై ఏళ్ళప్పుడు అత్తతో ఏదో మాటామాటా వచ్చి, "సంసారం ఛీ, కాశీకి పోతున్నా" అని చెంబు పట్టుకుని రైలెక్కాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. మా అవ్వ మాత్రం, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట" అని తన పని తను చేసుకుంది. ఇరవై రోజులకు మామ వాకిట్లో ఉన్నాడు. గంగలో మునిగినా చేపల పులుసే గుర్తొచ్చిందంట! అత్త ఒక్క మాటా అనలేదు. దాకలో ముందురోజు పులుసే వేడిచేసి వడ్డించింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆయన కట్టెలు తూచాడు, పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు, తూకంలో మోసం చేశాడని ఒక్కరూ అనలేదు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా గల్లాపెట్టె తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. చెంబూ పట్టలేదు, రైలూ ఎక్కలేదు. పులుసు తినడం మాత్రం మానలేదు.

మన చెంగాళమ్మ గుడికి రాత్రి కూడా తలుపు మూయరు కదా. తెల్లారుజామునే పోయి అక్కడ కూర్చుని వచ్చేవాడు. ఒకనాడు అత్త అడిగింది, రోజూ అమ్మవారిని ఏం కోరుతున్నావయ్యా అని.

"ఏమీ లేదే. ఊరికే కూర్చున్నా" అన్నాడు.