మురుగు గొట్టం దగ్గర మొదలైన మందు

పోయిన వానాకాలం నాకు టైఫాయిడ్ వచ్చింది. డాక్టరుగారు సెఫిక్సిమ్ రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పద్నాలుగు రోజులు. అయిదో రోజుకి జ్వరం దిగిపోయింది, బిళ్ళ మింగాలంటే బద్ధకం మొదలైంది. మంచమ్మీద పడుకుని ఏం తోచక, షీట్ వెనకాల ఉన్న పేరు ఫోన్లో వెతికాను. వెతుక్కుంటూ పోయి ఇటలీవాళ్ళ సార్డీనియా దీవిలో, కాల్యారి అనే ఊళ్ళో, ఒక మురుగు గొట్టం దగ్గర తేలాను.

అది 1945. జుసెప్పె బ్రోట్సు అక్కడి యూనివర్సిటీలో ఆరోగ్యశాస్త్రం ప్రొఫెసరు. ఆ ఊరికి టైఫాయిడ్ కొత్తేం కాదు. ఊరి మురుగు సు సిక్కు అనే చోట సముద్రంలో కలుస్తుంది. అక్కడి నీళ్ళు వాటంతట అవే శుభ్రపడుతున్నట్టు ఆయనకి అనిపించింది. ఇంకొకరైతే ఉప్పు మహిమ అనుకుని ఊరుకునేవారేమో. పెన్సిలిన్ గురించి విని ఉన్న బ్రోట్సు మాత్రం ఆ నీళ్ళలో బాక్టీరియాని చంపే బూజు ఏదైనా ఉందేమోనని వెతికాడు. సెఫలోస్పోరియం అనే బూజు దొరికింది. దాన్నుంచి తీసిన రసం టైఫాయిడ్ క్రిమిని పెరగనివ్వలేదు. రోగులకిచ్చి చూస్తే కొంత గుణం కనిపించింది. అంతకుమించి ముందుకెళ్ళడానికి డబ్బూ లేదు, సరంజామా లేదు. 1948లో తన సంస్థ వేసే చిన్న సంచికలో అచ్చేశాడు. అదెవరు చదువుతారు? తనకి తెలిసిన ఒక బ్రిటిష్ డాక్టరు ద్వారా ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీకి కబురు పంపి, బూజు కూడా పంపించాడు. మా భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ మొత్తం ఇచ్చేశాడు.

అక్కడ దాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్. తీరా చూస్తే బ్రోట్సు గమనించిన టైఫాయిడ్ ప్రభావం పెన్సిలిన్‌లోనే ఒక రకానిది. కొత్త సరుకేం కాదు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ 1953లో దాన్ని శుద్ధి చేస్తుంటే, పక్కన కాస్తంత ఇంకో పదార్థం తగిలింది. దానికి సెఫలోస్పోరిన్ సి అని పేరు పెట్టారు. క్రిముల్ని చంపడంలో బలహీనం. అయినా అబ్రహాం దాన్ని పారెయ్యలేదు. పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని 1940లోనే, పెన్సిలిన్ ఇంకా మందుల షాపుకి రాకముందే, చెయిన్‌తో కలిసి కనిపెట్టినవాడు ఆయనే. ఆ ఎంజైమ్ ఈ కొత్త పదార్థాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. శత్రువు మొహం తెలిసినవాడి చేతిలో పడటం దీని అదృష్టం.

1961లో డొరొతి హాడ్జ్‌కిన్ ఎక్స్‌రేలతో దాని నిర్మాణం ఖాయం చేసింది. 1964లో మొదటి మందులు వచ్చాయి, అన్నీ ఇంజెక్షన్లే. సూది అంటే ఆసుపత్రి, నర్సు, మంచం. కూలి మానుకుని అన్ని రోజులు ఎవరుంటారు? అరవైల చివరికి సెఫలెక్సిన్ వచ్చింది. దాని పక్కగొలుసులో ఒక అమైనో గుంపు పెట్టారు. మనం తిన్న ప్రొటీన్ ముక్కల్ని లోపలికి మోసే రవాణా వ్యవస్థ ఒకటి పేగులో ఉంది. అది ఈ మందుని కూడా అన్నంలో ముక్కే అనుకుని మోసుకుపోతుంది. అంతే, బిళ్ళ పనిచేసింది. ఎనభైల్లో జపాన్‌లోని ఫుజిసావా కంపెనీ నుంచి సెఫిక్సిమ్ వచ్చింది. బ్రోట్సు ఏ జబ్బు కోసం వెతికాడో ఆ జబ్బుకి నేను ఇంట్లో పడుకుని మింగుతున్నది దాన్నే.

2016లో హైదరాబాద్‌లో (మనది కాదు, సింధ్‌లోది) ఈ మందులకి లొంగని టైఫాయిడ్ బయటపడింది. క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌తో పాటు సెఫలోస్పోరిన్లు కూడా పనిచెయ్యలేదు. బిళ్ళల్లో మిగిలింది దాదాపుగా అజిత్రోమైసిన్ ఒక్కటే. ఆ శక్తి టైఫాయిడ్ క్రిమికి సొంతంగా వచ్చింది కాదు. పేగుల్లో ఉండే ఈ-కోలై లాంటి వేరే బాక్టీరియా దగ్గర్నుంచి, ఒక డీఎన్‌ఏ ముక్క రూపంలో, కాపీ పేస్ట్ అయిందంటున్నారు. జబ్బు పాకిన దారి వెతికినవాళ్ళు వేలు చూపించింది మురుగు కలిసిన మంచినీళ్ళ వైపు.

ఊరి పేరు చూసి ఉలిక్కిపడి లేచాను. షీట్లలో ఇంకా పద్దెనిమిది బిళ్ళలు ఉన్నాయి. రాత్రిది వేసుకోవడానికి క్యాన్ నుంచి గ్లాసులో నీళ్ళు పట్టుకున్నాను. ఆ క్యాన్ ఎక్కడ నింపుతారో ఈ మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. మర్నాడు క్యాన్ కుర్రాణ్ణి అడిగితే, "బోరు నీళ్ళే అన్నా, ఫిల్టర్ ఉంటది" అన్నాడు.